మెలకువకు కూలిమనిషి

ఆస్పత్రి ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడడానికి వస్తారు. వచ్చిన ప్రతివాడూ చాయ్ సగమయ్యేసరికి ఒకటే అడుగుతాడు: "తాతా, ఆపరేషన్ గదిల నువ్వు ఏం పని చేస్తుంటివి?" ముచ్చట్లు చెప్పేవాణ్ణి అంటాను. నవ్వుతారు. నేను నోరు తెరిస్తే నవ్వడం జనానికి అలవాటైపోయింది. మా చిన్నాయన పోయిన కబురు చెప్పినప్పుడు కూడా ఇద్దరు నవ్వారు. కానీ పిల్లలూ, ఇది నిజం. కాగితాల మీద వార్డు నౌకరు అని రాసుకున్నారు గానీ, సర్కారు నాకు చాలా ఏళ్లు జీతమిచ్చింది నా నోటికే.

మాది నవాబుపేట పక్క పల్లె. బడి ఉర్దూలో సాగేది. నాలుగో జమాత్‌లో ఉండగా మౌల్వీ సాబు మా నాయనను పిలిచి, "నీ కొడుకు నోటికి సరిపడ తాళం ఈ బడిల లేదు, తీస్కపో" అన్నాడు. నాయన తీసుకుపోయాడు. చదువు అక్కడ ఆగింది, నోరు ఆగలేదు. నిజాం రాజ్యం పోయిన మరుసటేడు వికారాబాదు పైన గుట్టల్లో ఉన్న క్షయ ఆస్పత్రిలో స్ట్రెచర్ తోసే పని దొరికింది.

అప్పట్లో ఆ రోగానికి వైద్యమంటే చెట్లగాలి, పాలు, గుడ్లు, పడక, ఓపిక. మొదటి నాలుగూ సర్కారు ఇచ్చేది. ఐదోది ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. ఊపిరితిత్తిలో పడ్డ గుంత ఎంతకీ పూడకపోతే ఇక కత్తే. ఒక వైపు పక్కటెముకలు కొన్ని తీసేస్తే ఆ వైపు రొమ్ము కుంగి గుంత మూసుకుంటుంది. అన్నీ ఒక్కసారే తీస్తే మనిషి తట్టుకోలేడు కాబట్టి విడతలుగా తీసేవాళ్లు. అన్నిటికంటే కష్టమేమిటంటే, మనిషికి మత్తు ఇచ్చేవాళ్లు కాదు. వీపు చుట్టూ మొద్దుబార్చే సూదులు వేసేవాళ్లు, అంతే. నొప్పి మందగించేది గానీ చెవులు మందగించేవి కావు. తన ఎముక తెగే చప్పుడు తనే వింటూ పడుకోవాలి. పచ్చి జొన్నదంటు విరిచినట్టుంటుంది ఆ చప్పుడు. ఈ రోజుకీ నేను చేను గట్టున నడవను.

ఒకరోజు బల్ల మీదికి ఎక్కించిన మనిషి నా చెయ్యి వదల్లేదు. వణుకుతున్నాడు. ఏం చేయాలో తెలియక మా మామ గాడిదను కొన్న కథ మొదలుపెట్టాను. వణుకు తగ్గింది. కత్తి పట్టుకున్న పెద్ద డాక్టరు మాస్కు వెనక నుంచి నన్నొకసారి చూసి, "నువ్వు రేపు గూడ రా భయ్" అన్నాడు. అప్పట్నుంచి నా జాగా రోగి తల దగ్గర, ఒక ముక్కాలి పీట మీద. మధ్యలో గుడ్డ కట్టేవాళ్లు. గుడ్డకు అటువైపు కత్తి, ఇటువైపు నేను.

పెద్ద డాక్టరు పాతకాలపు మనిషి. ఇంట్లో ఉర్దూ, రోగులతో తెలుగు, కోపమొస్తే ఏ భాషా ఉండేది కాదు. నాకొక్కటే నియమం పెట్టాడు. "నవ్విస్తే రొమ్ము కదుల్తది. రొమ్ము కదిల్తే నా కత్తి పోవద్దన్న జాగకు పోతది. నేను కత్తి తీసి బోల్ అంట. అప్పుడు నవ్వించు. అప్పటిదాంక కథ తోక నీ చేతులనే ఉండాలె." బోల్ అంటే చెప్పు అని.

నవ్వించడమే తెలిసినవాడికి నవ్వించకుండా కథ చెప్పే ఉద్యోగం. కథను చివరి మాట దాకా లాక్కొచ్చి, అక్కడ ఆపి, గాడిద చెవులు వర్ణిస్తూ, గాడిద తల్లిదండ్రుల మంచి చెడ్డలు విచారిస్తూ, "బోల్" కోసం కాచుకుని ఉండేవాణ్ణి. "బోల్" వచ్చాక చివరి మాట వదిలేవాణ్ణి. రోగి నవ్వేవాడు. కొందరు ఏడ్చేవారు. ఆ స్థితిలో రెండూ ఒకేలా ఉంటాయి.

యాభైల నడిమికి వచ్చాక ఒక లెక్చరర్ సారు చేరాడు. సొంతూరు తాండూరు. కందిచేలు, బండల గని ఉన్న పటేళ్ల ఇల్లు. తమ్ముళ్లు చేలు చూసుకుంటే ఈయన పట్నం కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేవాడు. ఎంత సన్నబడ్డాడంటే, ఆయన కోటు తొడుక్కుంటే దండెం మీద ఆరేసినట్టుండేది. ఆ మాట ఆయనకే చెప్పాను. "దండేనికి దగ్గుండదు గద భాయ్, అదొక్కటే ఫరఖ్" అన్నాడు. అక్కడ కుదిరింది మాకు.

సాయంత్రాలు వరండాలో పడకకుర్చీల్లో రోగులను వరుసగా కూర్చోబెట్టేవాళ్లం. కింద వికారాబాదు స్టేషన్ వైపు నుంచి కూత వినపడేది. ఒకరోజు ఆ కూత విని ఆయన అడిగాడు.

"గా బండి యాడికి పోతది?"

"తాండూరుకన్న పోవాలె, బీదరుకన్న పోవాలె. పట్టాలు చీలింది గాడనే గద సార్."

"ఏ దారిన పోతదో మనకు తెల్వదు. కానీ స్టేషన్ మాస్టరుకు ఎర్కుంటది. అవునా?"

"ఉండాల్నని మొక్కుకుంట ఎక్కుతం."

"గిప్పుడు ఇను. అన్నిటికన్న సన్నటి రవ్వలుంటయి. కంటికి ఆనవు, ఏ అద్దానికీ ఆనవు. అవి గూడ గట్ల చీలిక కాడికొస్తయి. అయితే అవి ఏ దారిన పోతయో మాస్టరుకు గూడ ఎర్క ఉండదు. ఆయన అసమర్థుడని గాదు. దారి ఇంకా తేలనే లేదు. మనం పోయి సూసినప్పుడే తేలుతది."

"అంటే సూడనంత సేపు?"

"రెండు పట్టాల మీద ఉన్నట్టే లెక్క."

"గసుంటోడు మా బామ్మర్ది ఒకడున్నడు సార్. రెండూళ్లల్ల ఉంటడు, సూడబోతే ఏ ఊర్లె దొరకడు."

ఆయన నవ్వి, దగ్గి, చాలాసేపు ఊపిరి కోసం ఆగాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "గా రవ్వల సంగతి పక్కా. లోకమంతా ఒప్పుకున్నది. ఇగ చెప్పేది నా అనుమానం. నేను, నేను అనుకుంటుంటం గద లోపట. గా 'నేను' యాడ పుడుతది? మెదడు మాంసమే గద. మాంసం ఎన్నడన్న నేను అన్నదా? గా తేలని రవ్వల కాడనే, తేలీతేలని గా జాగల్నే పుడుతదేమోనని నాకు అనిపిస్తది. నా తీరు అనుకునేటోళ్లు పెద్దపెద్దోళ్లల్ల గూడ ఉన్నరు. రుజువు మాత్రం ఎవరి దగ్గర లేదు."

నాలుగో జమాత్ మనిషిని. నాకేం తెలుస్తుంది? కానీ ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, ఈ ముద్ద ఎత్తుతున్నది ఎవరని ఆలోచించాను. నా భార్య కూర బాగాలేదేమో అనుకుంది.

అదే ఏడు మద్రాసులో చదువుకున్న మత్తు డాక్టరమ్మ ఒకామె వచ్చింది. ఈథర్ ఇచ్చే యంత్రం తెచ్చారు. ముక్కు మీద దాని ముసుగు పెడితే రోగి నిద్రపోతాడు, చప్పుడు వినక్కర్లేదు. మంచి సంగతే. నా పీటకు మాత్రం చెడ్డరోజులు వచ్చాయి. నిద్రపోయేవాడికి కథ ఎందుకు? పెద్ద డాక్టరు నన్ను గదిలోంచి పంపలేదు. సామాన్లు అందించే పని అప్పగించాడు. పీటను మూలకు జరిపారు.

లెక్చరర్ సారు గుంత పూడలేదు. ఎముకలు తీయక తప్పదని తేలింది. సూదులా, ఈథరా, నువ్వే చెప్పమన్నాడు పెద్ద డాక్టరు. అక్కడ మొదలైంది ఆయన పరేషాన్. చావుకు ఆయన అంతగా భయపడలేదు. మత్తుకు భయపడ్డాడు.

"నొప్పి నాది భాయ్. ఎంతున్నా నాదే. మత్తుల నేను ఉండను. రెండు మూడు గంటలు నేను లేకుంట నా పెయ్యి, ఉత్త ఒళ్లు, ఒక్కటే బల్లమీద ఉంటది. మల్ల లేసినోడు నేనేనని ఏం నమ్మకం? ఇంటి తాళం తీసుకొని ఎవడో లోపలికి రావొచ్చు, నేనే అనుకోవచ్చు."

ఆయన భార్య తాండూరు నుంచి రైల్లో వచ్చి మంచం పక్కన కూర్చుని కందిపప్పు పొడి డబ్బా మూత తిప్పుతూ ఉంది. మాటకు మాట చెప్పే మనిషి. "ఇన్నవా అన్నా, మీ సార్ నొప్పిని సూసుకుంట పండుకుంటడంట, జాతర సూసినట్టు. నిద్రపోతే ఎవడో వస్తడంట లోపటికి. ఎవడొచ్చినా జర ఇంటి పని చేసేటోడైతే నాకు పర్వాలేదు."

ఆమె అలా అని డబ్బా కింద పెట్టి బయటికి పోయింది. వరండా కొసకు పోయి, స్తంభానికి ఆనుకుని కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

లెక్చరర్ సారు తన అనుమానాన్ని మత్తు డాక్టరమ్మ ముందు పెట్టాడు. ఆమె మంచం పట్టె మీద చెయ్యి వేసి ఓపిగ్గా వింది. "మెదడు వెచ్చగా, తడిగా, ఎప్పుడూ గోలగా ఉంటుందండీ. మీరు చెప్పేది సంతలో గుసగుస లాంటిది. గుసగుస ఉండొచ్చు. దాన్ని విని బేరమాడేవాళ్లు ఉండరు."

"మరి మీ మందు దేన్ని ఆపుతున్నదమ్మా?"

ఆమె మంచం పట్టె మీది చెయ్యి తీసింది. "తెలియదు. ఆపుతుందని తెలుసు, మళ్లీ వదులుతుందని తెలుసు. ఈ మధ్యలో ఏమిటన్నది ఇంతవరకు ఎవరికీ తెలియదు."

తెలియదన్నందుకే ఆయన ఈథర్‌కు ఒప్పుకున్నాడని నా నమ్మకం. తెలుసు అని ఉంటే సూదులే అడిగేవాడు. "భయమైతున్నది. భయమైన కాడికి పోయి సూడకుంటే పిల్లలకు ఏం పాఠం చెప్త?" అన్నాడు. అని, నన్ను దగ్గరికి పిలిచి ఒక పని అప్పజెప్పాడు. తాను మత్తులో ఉన్నంతసేపు చెవి దగ్గర కూర్చుని నేను కథ చెప్పాలి. లేచాక ఆయన ఆ కథ తిరిగి చెప్పగలిగితే, మత్తులో కూడా లోపల ఎవరో ఉన్నట్టు. చెప్పలేకపోతే లేనట్టు.

"నేను లేనంత సేపు నా బదులు నువ్వు మేల్కొని ఉండాలె భాయ్."

అలా నా పీట మళ్లీ తల దగ్గరికి వచ్చింది. మొదటి విడత రోజు గుడ్డకు ఇటువైపు కూర్చుని కుల్కచర్ల మనిషి కథ చెప్పాను. అతను తాండూరుకు టికెట్ కొనుక్కుని రైలెక్కకుండా పట్టాల పక్కన నడిచిపోతుంటాడు. అటువైపు పెద్ద డాక్టరు అలవాటు కొద్దీ కత్తి తీసి "బోల్" అన్నాడు. ఎవరు నవ్వుతారని అన్నాడో ఆయనకే తెలియాలి. నేను చివరి మాట చెప్పాను: ఎందుకు నడుస్తున్నావయ్యా అంటే, "టికెట్ మీద తాండూరని రాసున్నది, రైలని రాసి లేదు గద" అన్నాడని. మత్తు డాక్టరమ్మ ఒక్కతే నవ్వింది.

సారు సాయంత్రానికి కళ్లు తెరిచాడు. మాట రావడానికి ఇంకా సమయం పట్టింది. నేను వంగి అడిగాను.

"ఏం ఇన్నరు సార్?"

"ఏం లేదు."

"జర గూడ?"

"చీకటి గూడ లేదు భాయ్. చీకటుంటే చీకటని తెలుస్తది గద. ముసుగు పెట్టిండ్రు, నువ్వొచ్చి ఏం ఇన్నరని అడిగినవ్. గంతే. నడుమ ఏం లేదు."

మనిషి చాలా దిగులుపడ్డాడు. తీసేసిన ఎముకల కంటే ఆ లేకపోవడమే ఆయనకు నొప్పి అయింది. నాలుగు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు.

వారం తర్వాత వార్డులో ఒక కొత్త రోగికి ధైర్యం చెప్పడానికి అదే కుల్కచర్ల కథ ఎత్తుకున్నాను. చివరిదాకా వచ్చి, అలవాటు ప్రకారం ఆగాను. అప్పుడు గోడవైపు తిరిగి ఉన్న సారు తిరగకుండానే అన్నాడు: "టికెట్ మీద రైలని రాసి లేదు."

కొత్త రోగిని వదిలి ఆయన మంచం దగ్గరికి పోయాను. ఆయన మెల్లగా ఇటు తిరిగాడు. అంత వెలుగు ఆ ముఖంలో నేను ముందెప్పుడూ చూడలేదు. "ఇన్న భాయ్. నేను ఇన్న. నేను ఉన్న."

ఎదురు మంచం మీద తాండూరు గనుల్లో బండలు కొట్టిన పెద్దమనిషి ఒకడుండేవాడు. మంచి మనిషే. నిజం చెప్పకుండా ఉండలేని జబ్బు కూడా ఉంది. "గా కథ గీయన మొన్న దసరకు వరండల చెప్పలేదా? అంతకు ముందు ఉగాదికి చెప్పె. నా పక్క మంచపాయన దినాలకు గూడ గిదే చెప్పిండు. గీనకు ఉన్నయే నాల్గు కథలు."

సారు ముఖంలో దీపం తగ్గించినట్టయింది. దసరానాడు ఆయన ఆ వరండాలోనే జ్వరంతో ముసుగుతన్ని పడుకుని ఉన్నాడు. విన్నట్టు గుర్తు లేదన్నాడు. విని ఉండొచ్చునన్నాడు. జ్వరంలో విన్నదో, మత్తులో విన్నదో ఎలా తేలుతుంది? ముచ్చట్లు చెప్పేవాడి జబ్బు ఇదే పిల్లలూ. ఒక నవ్వు పండితే దాన్ని బట్ట చిరిగేదాకా కడతాడు.

"రెండో విడతకు కొత్త కథ కావాలె. ఎవరికీ చెప్పంది, ఎవరూ ఇననిది. నువ్వే పుట్టియ్యాలె" అన్నాడు సారు.

"సార్, నేను కథలు మోసేటోణ్ణి. పుట్టించేటోణ్ణి గాను. కల్లు గీసేటోణ్ణి తాటిచెట్టు పుట్టియ్యిమంటే ఎట్ల?"

"పుట్టియ్యి. నా పానం దాని మీద ఉన్నది."

మాటకు అన్నాడో, నిజంగా అన్నాడో. నేను నిజంగానే తీసుకున్నాను. ఆ నెల నాకు నిద్ర లేదు. గుట్ట దిగి స్టేషన్ దాకా నడిచేవాణ్ణి, మళ్లీ ఎక్కేవాణ్ణి. నా తలలో ఉన్నవన్నీ ఎవరో చెప్పినవే. మా అవ్వ చెప్పినవి, మేస్త్రీ చెప్పినవి, రైల్లో విన్నవి. నా సొంతదంటూ ఒక్కటీ లేదు. చివరికి ఆయన నాతో అన్న మాటలోంచే దారి దొరికింది. కథ కట్టాను. ఎవరి మీదా పరీక్షించి చూసే వీలు లేదు. నవ్వు వస్తుందో రాదో తెలియని కథను నోట్లో పెట్టుకుని తిరగడమంటే, ఉప్పు చూడకుండా వంద మందికి వంట చేసినట్టు. నా భార్యకు కూడా చెప్పలేదు. నేను ఏదో దాస్తున్నానని ఆమె వారం రోజులు అలిగింది.

రెండో విడత రోజు పొద్దున చలి. ముసుగు పెట్టకముందు సారు నా వైపు కన్ను కొట్టాడు. "తోక గట్టిగ పట్టుకో" అన్నాడు. ఈథర్ వాసన లేచింది. ఆయన ఊపిరి మారింది. గుడ్డ అవతల పని మొదలైంది. నేను చెవి దగ్గరికి వంగి మొదలుపెట్టాను.

బంట్వారం దిక్కున ఒక పటేలు ఉన్నాడు. మస్తు బద్ధకం. తినడానికి బద్ధకం, తిట్టడానికి బద్ధకం, అన్నిటికంటే మేలుకోవడానికి బద్ధకం. అందుకని కూలికి ఒక మనిషిని పెట్టుకున్నాడు. ఏం పని అంటే, నా బదులు నువ్వు మేల్కొని ఉండాలె అన్నాడు. కూలిమనిషి ఒప్పుకున్నాడు. పటేలు లోపలి గదిలో పడుకున్నాడు. ఇతను పటేలు బదులు పొద్దున్నే లేచాడు. పటేలు బదులు తిన్నాడు. పెళ్లిళ్లకు పోయాడు, పంచాయతీల్లో కూర్చున్నాడు, పటేలు భార్య తిడితే పడ్డాడు. పటేలు తమ్ముడు చచ్చిపోతే పటేలు బదులు ఏడ్చాడు. ఊరికి అలవాటైపోయింది. దండం పెట్టేవాళ్లు ఇతనికే పెట్టారు. వానలొచ్చాయి, పోయాయి. ఒకనాడు తెల్లారుజామున ఈ కూలిమనిషి కళ్లు ఎర్రగా చేసుకుని లోపలి గదిలోకి పోయాడు. మంచం పక్కన కూలబడి పటేలు కాలు పట్టుకుని కదిపాడు. "పటేలా, ఇగ నాతోటి కాదు. నాకు నిద్రొస్తున్నది. జర మీరు లేవుండ్రి" అన్నాడు. పటేలు ఒక కన్ను తెరిచాడు. తెరిచి అన్నాడు కదా...

అక్కడ ఆగాను. తోక నా చేతిలో ఉంది. పటేలు తెరిచిన కన్ను ఎలా ఉందో చెప్పాను. మంచం నులక ఎలా ఉందో చెప్పాను. గదిలోకి వచ్చిన ఎండపొడ ఎక్కడ పడిందో చెప్పాను. "బోల్" కోసం చూస్తున్నాను.

"సార్, ఆగండి" అంది మత్తు డాక్టరమ్మ పెద్ద డాక్టరుతో. ఆమె వేళ్లు దవడ కింద నాడి వెతుకుతున్నాయి. ఒకచోట చూసి, ఇంకోచోట చూసి, మళ్లీ మొదటిచోట చూశాయి. గుడ్డ లాగేశారు. గుండెలోకి సూది వేశారు. పెద్ద డాక్టరు తన చేతులతో రొమ్ము నొక్కుతూ ఉండిపోయాడు. తానే ఎముకలు తీసిన రొమ్ము అది. ఎక్కడ నొక్కాలో ఆయనకే తెలియాలి, ఆయనే జాగా మార్చి మార్చి నొక్కాడు. చాలాసేపటికి ఆయన గోడ గడియారం వైపు చూసి వేళ చెప్పాడు. ఎవరో రాసుకున్నారు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, "బస్ భయ్, చాలు" అన్నాడు. అప్పుడు తెలిసింది, నా పెదవులు ఇంకా నులక గురించే కదులుతున్నాయని.

మెట్ల మీద మత్తు డాక్టరమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. డాక్టర్లు మా పక్కన కూర్చోని రోజులవి.

"నువ్వు ఆయన ముఖమే చూస్తున్నావు కదా. ఎప్పుడు పోయారు?"

"నాకు ఎర్కలేదు డాక్టరమ్మా. కూలిమనిషి కాలు కదిపినప్పుడు ఉన్నడనుకున్న."

"నాకూ తెలియదు. రాసిన వేళ, నాడి లేదని నాకు తెలిసిన తర్వాతిది. అది జరిగిన వేళ కాదు." లేస్తూ అంది, "ఈథర్ కాదు, సూదులైనా ఆ గుండె నిలబడేది కాదు. అది మాత్రం నాకు తెలుసు."

చూసినప్పుడే తేలుతుందన్నాడు కదా సారు. మేం చూసేదాకా ఆయన ఏ పట్టాల మీద ఉన్నట్టు? ఏ మాట ఆయన విన్న చివరి మాట, ఏ మాట ఉత్త పెయ్యికి చెప్పింది? ఇంతమందిమి ఉన్నాం గదిలో, ఆయన మీదే కళ్లు పెట్టుకుని. ఎవరికీ తెలియదు.

దినాలయ్యాక ఆయన పెట్టె ఇచ్చి రమ్మని నన్ను తాండూరు పంపారు. కోటు, కళ్లద్దాలు, పుస్తకాలు. ఇంటి ముందు నాపరాళ్లు పరిచిన వాకిలి. పక్కన కందులు ఆరబోసి ఉన్నాయి. ఆమె పెట్టె తెరవలేదు. నాకు చాయ్ ఇచ్చి ఎదురుగా గడప మీద కూర్చుంది.

"అన్నా, ఆఖరికి ఆయన ఏం ఇన్నడు?"

"అమ్మా, మత్తుల ఉన్నడు. ఇన్నడో లేదో..."

"నీకు తెల్వదు. ఆయన నిద్రల గూడ ఇంటుండె. పండుకున్నడనుకొని నేను రాత్రి తిట్టుకుంటే, పొద్దుగాల చాయ్ తాగుకుంట ఒక్కొక్క మాటకు జవాబు చెప్తుండె. పదేండ్లు గట్లనే జేసిండు. గందుకే అడుగుతున్న. ఏం జెప్పినవ్?"

చెప్పాను. పటేలు, కూలిమనిషి, పెళ్లిళ్లు, తిట్లు. పటేలు భార్య తిట్టిన చోట ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందని నాకు తెలుసు. తమ్ముడి చావు దగ్గర వాకిట్లోకి చూసింది. కూలిమనిషి కాలు పట్టుకుని కదిపాడు. జర మీరు లేవుండ్రి అన్నాడు. పటేలు ఒక కన్ను తెరిచాడు.

"గా మాట దాంక చెప్పిన. గప్పుడే డాక్టరమ్మ ఆగుమన్నది."

కందుల మీద పిట్టలు వాలినా ఆమె అదిలించలేదు. చివరిమాట అడుగుతుందనుకున్నాను. నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను.

"తర్వాతది నాకు చెప్పకు" అంది. "ఆయన ఇన్నకాడికే నాకు చాలు. ఆయన ఇననిది నాకెందుకు?"

ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

మరికొన్నేళ్లకే మందులు దారికొచ్చాయి. సూదులతో, మాత్రలతోనే గుంతలు పూడసాగాయి. ఎముకలు తీయడం తగ్గి తగ్గి ఆగిపోయింది. సారు ఇంకొంచెం ఆలస్యంగా జబ్బుపడి ఉంటే ఇప్పటికి నాలాగే పళ్లూడి కూర్చుని ఉండేవాడు. నా పీటను కూడా ఎవరో గేటు దగ్గరికి తీసుకుపోయారు. దాంతోపాటు నన్నూ వేశారు, గేటు కాపలాకు. పెద్ద డాక్టరు రిటైరై వెళ్లేరోజు గేటు దగ్గర కారు ఆపించాడు.

"భయ్, గా పటేలు కన్ను తెరిచి ఏమన్నడు?"

"మీరు బోల్ అనలేదు సాబ్."

అనడానికి నోరు తెరిచాడు. నా ముఖం చూశాడు. అద్దం ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

ఆ కథ చివరిమాట నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకూ చెప్పను. అలగకండి. ఒక్కటే కారణం. అది లోకంలో నా ఒక్కడి తలలోనే ఉండాలి. ఎప్పుడైనా, ఎక్కడైనా, ఎవరి నోటనైనా అది బయటికి వస్తే, సారు ఎక్కడో ఉన్నట్టు, ఆయన అనుమానానికి రుజువు దొరికినట్టు. మూర్ఖత్వమని తెలుసు. చెప్పని చివరిమాటను సారు మాత్రం ఎలా వింటాడని మత్తు డాక్టరమ్మ ఉంటే అడిగేది. అయినా రైల్లో పక్కవాడు కథ మొదలుపెడితే ఇప్పటికీ చెవి ఒగ్గుతాను. బద్ధకస్తుల కథలు ఎన్నో విన్నాను. ఏ పటేలూ ఒక కన్ను తెరిచి ఆ మాట అనలేదు.

నా బదులు మేల్కొని ఉండమన్నాడాయన. ఉన్నాను. ఆయన చూడని రైళ్లు చూశాను, ఆయన తినని తిండి తిన్నాను, ఆయన పోవాల్సిన చావులకు కూడా పోయాను. మొన్నమొన్న తాండూరులో ఆయన భార్య పోతే ఆయన బదులు ఏడ్చింది నేనే. ఈ మధ్య పొద్దుగూకితే కళ్లు మూతపడుతున్నాయి. ఎదురుగా మనిషి కూర్చుని ఉండగానే కునుకు పడుతోంది. అలాంటప్పుడు ఎవరి మంచం పక్కనో కూలబడి, ఎవరి కాలో పట్టుకుని కదుపుతున్నట్టుంటుంది.

సార్, ఇగ నాతోటి కాదు. నాకు నిద్రొస్తున్నది. జర మీరు లేవుండ్రి.